షోలాపూర్ చద్దర్: రెండు చలికాలాలు కప్పుకున్నాక

ముందు అసలు విషయం చెప్పేస్తాను. నూలు చద్దర్ కావాలంటే షోలాపూర్‌ది కళ్లు మూసుకుని కొనుక్కోండి, కానీ షోలాపూర్ వెళ్లినప్పుడో, అక్కడ తెలిసినవాళ్లతో తెప్పించుకునో కొనండి. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో షోలాపూర్‌దే అని చెప్పి అమ్మింది నా దగ్గర ఇంకా ఉంది, మూడు ఉతుకులకే ఉండలు కట్టింది, కప్పుకుంటే ఒళ్లంతా చెమట. నేను చెప్పబోయేది దాని గురించి కాదు, షోలాపూర్‌లో మా మేనత్త వాళ్ల వీధిలో ఒక చిన్న కార్ఖానాలో 950 రూపాయలకు తీసుకున్న డబుల్ చద్దర్ గురించి.

తూకం వేస్తే రెండు కిలోలకు కాస్త తక్కువ వచ్చింది. కొత్తలో గరుకుగా ఉంటుంది, నాలుగైదు ఉతుకుల తర్వాత మెత్తబడుతుంది, ఆ తర్వాత ఇక వదలబుద్ధి కాదు. పువ్వుల్ని నేతలోనే తెచ్చే జకార్డ్ మగ్గం మీద నేసింది, డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది, ఒకవైపు ఎర్ర నేల మీద తెల్ల పువ్వు ఉంటే తిప్పితే తెల్ల నేల మీద ఎర్ర పువ్వు. అనుమానం ఉంటే అంచున ఒక పోగు లాగి అంటించి చూడండి, నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది, పాలిస్టర్ అయితే కరిగి నల్లగా ముద్ద కడుతుంది. ఈ పరీక్ష మామ నేర్పించాడు. ఇబ్బందులూ ఉన్నాయి: తడిస్తే ఎత్తలేం, వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు పడుతుంది, మొదటి రెండుసార్లు వేరే బట్టలతో కలిపి అస్సలు నానబెట్టకండి.

షోలాపూర్ బజారులో చద్దర్ల దుకాణాల బోర్డులు చదివితే మనవాళ్లకు ఒక్కసారి గుండె ఆగినట్టు అవుతుంది. పుల్గం, చాట్ల... అవి మన ఇంటిపేర్లు! మహారాష్ట్ర చద్దర్ అని దేశమంతా చెప్పుకునే ఈ బట్ట, ఫలానా ఊరి సరుకు అని చెప్పే జిఐ గుర్తింపు కూడా ఉన్న ఈ బట్ట, ఎక్కువగా నేసింది తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు. మిల్లు బట్ట వచ్చి చేనేత దెబ్బతిన్నది, 1876–78 కరువు దక్కన్‌ను ఊడ్చేసింది, సరిగ్గా ఆ రోజుల్లోనే 1877లో షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు మొదలైంది. ఇక్కడ తిండి లేదు, అక్కడ పని ఉంది. ముందు వెళ్లినవాడు తమ్ముణ్ని పిలిచాడు, తమ్ముడు బావమరిదిని పిలిచాడు, అట్లా తరాలు గడిచాయి. మా ఊళ్లో సాలోళ్ల వీధిలో ఇప్పుడు మగ్గం చప్పుడే లేదు, సగం ఇళ్లకు తాళాలు, మిగతా సగంలో ముసలివాళ్లు. అక్కడికి వెళ్లనివాళ్లు భివండీకి, సూరత్‌కు వెళ్లారు.

మా అత్త సిద్దిపేట దగ్గర పుట్టి పదిహేడేళ్లకు పెళ్లయి అటు వెళ్లింది. మామ మిల్లులో చేసేవాడు, మిల్లు మూతపడ్డాక మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. ముప్పై ఏళ్లు ఆ చప్పుళ్ల మధ్య నిలబడి ఇప్పుడు గట్టిగా అరిస్తే తప్ప వినపడదు, ఆయన మాట్లాడినా వీధి మొత్తానికి వినిపిస్తుంది. చద్దర్ ఎంత మెత్తగా ఉందో రాసేటప్పుడు ఈ సంగతి రాయకుండా ఉండలేకపోయాను. మగవాళ్ల జీతం ఇంటికి చాలక ఆడవాళ్లు బీడీలు చుట్టారు, అత్త కూడా చుట్టింది. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు, పొద్దుపోయేదాకా అదే పని. ఆ బీడీ కార్మిక స్త్రీల కోసమే షోలాపూర్ దగ్గర కుంభారిలో కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరుతో పదివేల ఇళ్లు వచ్చాయి, 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలిచ్చారు. దాని వెనక ఏళ్ల తరబడి కొట్లాడింది కమ్యూనిస్టు నాయకుడు నర్సయ్య ఆడం, అక్కడివాళ్లకు ఆడం మాస్టరు, ఆయనా మన పద్మశాలీయే. అత్త పేరు మీద ఇల్లు ఉందంటే ఆ పోరాటం వల్లే, ఆ మాట ఆమె ప్రతిసారీ చెబుతుంది.

ఇంటికి వెళ్లగానే ‘చహా తాగుతవా బిడ్డా?’ అంటుంది. చాయ్ అనే మాట ఆమె నోట పోయి ఎన్నేళ్లయిందో. మనవలు మాతో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు, వాళ్ల బడి మరాఠీ. అయినా శ్రావణ పున్నమికి మార్కండేయుడి రథం కదిలితే ఆ పిల్లలే ముందుంటారు. ఆ రోజు తూర్పు షోలాపూర్ వీధుల్లో నిలబడితే మనం ఊరు దాటి వచ్చామని అనిపించదు.

చద్దర్లు నేసే కార్ఖానాలు తగ్గిపోతున్నాయి, చాలామంది తువ్వాళ్లకు మారారు. పానిపట్ నుంచి చవక సరుకు వస్తోంది, జనం మింక్ బ్లాంకెట్లు కొంటున్నారు, షోలాపూర్ పేరు పెట్టి ఎవరో ఎక్కడో నేసింది అమ్ముతున్నారు. అత్త చిన్న కొడుకు మగ్గం ముట్టనని పుణె వెళ్లిపోయాడు. తాత తెలంగాణ వదిలాడు, మనవడు షోలాపూర్ వదిలాడు. నాకు ఇది చాలా బాధగా ఉంది, అందుకే నూరు రూపాయలు ఎక్కువైనా అసలుదే కొనమని అడుగుతున్నాను. ధర పెంచినా నేసేవాడి చేతికి ఎంత వెళ్తుందో చెప్పలేం, నకిలీ కొంటే మాత్రం పైసా వెళ్లదు.

హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ షోలాపూర్ మీదుగానే పోతుంది, రోడ్డు మీదైతే సుమారు 300 కిలోమీటర్లు. ఈ కార్తీకంలో మళ్లీ వెళ్తున్నాను, అమ్మకు సింగిల్ సైజు ఒకటి తేవాలి. మెరూన్ తీసుకుంటానని ఫోన్‌లో అంటే అత్త ఒప్పుకోలేదు. ‘మెరూన్ వద్దు బిడ్డా, రంగు ఇడుస్తది, నీలం తీస్కో’ అంది.