మామిడికాయల్ని వరిగడ్డిలో మగ్గబెట్టాలా, ఎథిలిన్ గ్యాస్‌తో మగ్గబెట్టే గదికి పంపాలా?

ముందు ఒక మాట, కాయల్ని త్వరగా పసుపెక్కించడానికి కొందరు వాడే రసాయనం కార్బైడ్ ఈ పోలికలోనే లేదు. అది నిషేధం, పైగా తొక్క పసుపెక్కినా లోపల పులుపు పోదు. ఎథిలిన్ అలా కాదు, కాయ మగ్గేటప్పుడు తనంతట తానే వదిలే వాయువే అది, తొక్కలో ఆకుపచ్చ విరిగి కెరోటిన్ పసుపు బయటపడేది దానివల్లే.

ఖర్చు: గడ్డికి దాదాపు ఏమీ లేదు. గదికి అద్దె, రవాణా.

శ్రమ: గడ్డిలో రోజూ చేయి పెట్టి చూసి మెత్తబడ్డవి ఏరాలి. గదిలో గ్యాస్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకి వంద వంతులు) దాటకుండా, చల్లదనం, తేమ, గాలి మార్పు అన్నీ గది నడిపేవాళ్లే చూసుకుంటారు.

రిస్క్: గడ్డిలో అన్నీ ఒకేసారి రంగు తిరగవు, తొడిమ దగ్గర కుళ్లు మొదలైతే పక్కకాయకీ అంటుకుంటుంది. గదిలో లేత కాయ పెడితే రంగొస్తుంది, రుచి రాదు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యం, రకాలు. గది నిండాలంటే ఒకే రకం, ఒకే ముదురు కాయ కావాలి, అంటే మన దగ్గర ఎక్కువగా బంగినపల్లే. ఇమామ్‌పసంద్ బాగా పండినా తొక్క ఆకుపచ్చగానే కనిపిస్తుంది, సువర్ణరేఖ భుజం మీది ఎరుపు చెట్టు మీద ఎండ తగిలితేనే వస్తుంది, ఏ గ్యాసూ దాన్ని తేలేదు. పసుపు చూసి కొనే మార్కెట్లో ఇలాంటి చెట్లే ముందు గొడ్డలికి బలవుతాయి, అదే నా బాధ.

పదెకరాల బంగినపల్లి, దూరపు మార్కెట్ అయితే గదికే పంపండి. పెరట్లో రెండు రసాలు, ఒక ఇమామ్‌పసంద్ ఉంటే గడ్డే మేలు, తెలిసినవాళ్లకి నేరుగా అమ్ముకోండి.