కైల్ ఫీల్డ్‌కి పాత బ్యాచ్: టికెట్టు కన్నా టెంటే మేలు

2020 జనాభా లెక్కల ప్రకారం టెక్సస్‌లోని కాలేజ్ స్టేషన్ ఊళ్ళో ఉండే జనం లక్షా ఇరవై వేలు. అదే ఊళ్ళో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం కైల్ ఫీల్డ్‌లో సీట్లు 1,02,733. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే, ఆట ఉన్న శనివారం అక్కడ హోటల్ గది ఎందుకు దొరకదో, దొరికినా ఎందుకంత రేటో వేరే చెప్పక్కర్లేదు. అయినా అక్కడ ఎంఎస్ చదివిన మా బ్యాచ్ కలుసుకోవడానికి ఆ శనివారాన్నే ఎంచుకున్నాం. ఎంచుకోవడం మంచిదే. డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టక్కర్లేదు అన్నదే అసలు విషయం.

చదువుకునే రోజుల్లో మాకు ఫుట్‌బాల్ అంటే ట్రాఫిక్. శనివారం ల్యాబ్‌కి వెళ్దామంటే దార్లు మూసేసేవాళ్ళు, బస్సుల రూట్లు మారిపోయేవి, ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్ళే కారున్న సీనియర్ ఆ రోజు ఇల్లు కదలనని ముందే చెప్పేసేవాడు. నాలుగు ప్రయత్నాల్లో (డౌన్లంటారు) పది గజాలు దాటాలన్న సంగతి కూడా మాలో చాలామంది ఉద్యోగాల్లో చేరాక కొలీగ్స్ పుణ్యమా అని నేర్చుకున్నదే. మరి ఆట రోజే ఎందుకంటే, తేదీ కోసం. వేగాస్ అన్నాం, స్మోకీ మౌంటెన్స్‌లో క్యాబిన్ అన్నాం, క్రూయిజ్ అన్నాం. అన్నీ వాట్సాప్ గ్రూపులోనే పుట్టి అక్కడే పోయాయి. ఒకడికి ఆన్‌కాల్, ఒకడి కూతురికి కూచిపూడి ప్రోగ్రాం, ఇంకొకడి అత్తామామలు అదే వారం ఇండియా నుంచి దిగుతున్నారు. మన చేతిలో ఉన్న తేదీ ఎప్పుడూ వెనక్కి జరుగుతూనే ఉంటుంది. ఆట తేదీ మనకోసం జరగదు. షెడ్యూల్ నెలల ముందే వచ్చేస్తుంది కాబట్టి వచ్చేవాడు సెలవు పెట్టుకుంటాడు, రానివాడు సాకు చెప్పుకుంటాడు.

హైదరాబాద్‌లో మా ఇంజనీరింగ్ కాలేజీ సిల్వర్ జూబ్లీ కూడా చూశాను. శామీర్‌పేట వైపు రిసార్టు, స్టేజీ, ఫ్లెక్సీ, మాస్టార్లకు శాలువాలు, అందరికీ మెమెంటోలు, మైకు వదలని ఒక మిత్రుడు. ఏర్పాట్లకు వంక పెట్టలేం. కానీ స్టేజీ ముందు వరుసల్లో కూర్చోబెడితే పక్కవాడితో తప్ప ఎవరితో మాట్లాడతాం?

మా అందరికీ దారి హ్యూస్టన్ మీదుగానే. డల్లాస్ నుంచి కాలేజ్ స్టేషన్‌కి చిన్న విమానాలున్నాయి కానీ పిల్లలతో, సామాన్లతో హ్యూస్టన్‌లో దిగి కారు అద్దెకు తీసుకోవడమే సుఖం. పెద్ద ఎయిర్‌పోర్టు నుంచి గంటన్నర ప్రయాణం. శుక్రవారం సాయంత్రం మాత్రం ఆ గంటన్నరను నమ్మొద్దు. హ్యూస్టన్ ఆఫీసులు వదిలే వేళకే ఆటకు వెళ్ళే కార్లు కూడా బయల్దేరతాయి. మధ్యాహ్నం రెండులోపు హ్యూస్టన్ దాటినవాళ్ళు హాయిగా చేరారు. సియాటిల్ నుంచి సాయంత్రం దిగినవాడు మేం భోజనాలు ముగించాక వచ్చాడు.

బస గురించి వివరంగా చెప్పాలి. మామూలు వారాంతంలో వంద డాలర్ల చిల్లరకు దొరికే గది ఆట వారంలో మూడు నాలుగు రెట్లు పలుకుతుంది. పైగా కనీసం రెండు రాత్రులు తీసుకోవాలంటారు. మాలో రెండు కుటుంబాలు హైవే 6 పక్కన ఒక హోటల్లో దిగాయి. రేటు అంత పెట్టి, ఉదయం టిఫిన్ దగ్గర ఆరున్నరకే ప్లేట్లు ఖాళీ. కాఫీ మిషన్ ముందు యూనివర్సిటీ రంగు మెరూన్ చొక్కాల క్యూ. ముందే అడిగి పెట్టుకున్న పక్కపక్క గదులు వేర్వేరు అంతస్తుల్లో ఇచ్చారు. అడిగితే కౌంటర్లోని అమ్మాయి, ఆ వారంలో మాట అలాగే ఉంటుందన్నట్టు నవ్వింది.

మిగతావాళ్ళం పక్క ఊరు బ్రయన్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. తలకు లెక్కేస్తే హోటల్ కన్నా చాలా తక్కువ. ఫొటోల్లో చూపించిన పెద్ద వంటిల్లు నిజంగానే పెద్దది. లోటు ఒక్కటే. గీజరు చిన్నది. నలుగురు స్నానం చేస్తే ఐదోవాడికి చన్నీళ్ళే, అందుకని పొద్దున లేవడంలో పోటీ మొదలైంది. అయినా నా ఓటు ఇంటికే. రాత్రి రెండింటికి ఉప్మా చేసుకుని, డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని ఎవరి అడ్వైజర్ ఎవర్ని ఎలా ఏడిపించాడో చెప్పుకునే వీలు ఏ హోటలూ ఇవ్వదు. స్టేడియానికి ఎదురుగానే యూనివర్సిటీ హోటల్ ఉంది. నడిచి వెళ్ళి నడిచి రావచ్చు. పెద్దవాళ్ళు వెంట ఉంటే, జేబు ఒప్పుకుంటే, అది వేరే లెక్క.

ఈ ట్రిప్పు మొత్తంలో పైసా ఖర్చు లేకుండా దొరికిన గొప్ప అనుభవం శుక్రవారం అర్ధరాత్రి జరిగే మిడ్‌నైట్ యెల్. సొంత గడ్డ మీద ఆట ఉన్న ప్రతిసారీ ముందు రాత్రి పన్నెండింటికి వేలమంది కైల్ ఫీల్డ్‌లో చేరి రేపు వేయాల్సిన కేకలు రిహార్సల్ చేస్తారు. ఈ యూనివర్సిటీకి చీర్‌లీడర్లు లేరు. తెల్ల బట్టలేసుకున్న ఐదుగురు యెల్ లీడర్లు ఉంటారు. వాళ్ళు చేత్తో ఒక సైగ చేస్తారు. ముందు వరుసవాళ్ళు దాన్ని పట్టుకుని వెనక్కి అందిస్తారు, అలా పై అంతస్తు దాకా వెళ్తుంది. తర్వాత అందరూ మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి, ఒక్క గొంతుతో అరుస్తారు. చిన్నపిల్లలకు రెండు నిమిషాల్లో వచ్చేసింది. మాకే నడుములు పట్టాయి. చివర్లో లైట్లన్నీ ఆర్పేస్తారు, ఎవరి జోడీని వాళ్ళు ముద్దు పెట్టుకోవాలని ఆనవాయితీ. జోడీ లేనివాళ్ళు లైటరో ఫోనో వెలిగించి పైకెత్తుతారు. ఈ సంగతి ముందే తెలిసిన ఒక వదినగారు సరిగ్గా ఆ క్షణానికి "బాబుకి బాత్రూం" అంటూ లేచారు. మా బ్యాచ్‌లో లైట్లున్న ఫోన్లు చాలానే పైకి లేచాయి, పెళ్ళయినవాళ్ళవి కూడా.

శనివారం పొద్దున క్యాంపస్ చూడాలంటే తొమ్మిదిలోపే వెళ్ళాలి. మెమోరియల్ స్టూడెంట్ సెంటర్ యుద్ధాల్లో చనిపోయిన పూర్వ విద్యార్థుల గుర్తుగా కట్టింది. లోపల టోపీ తీసెయ్యాలి, చుట్టూ ఉన్న పచ్చిక తొక్కకూడదు. మావాడి పిల్లాడు పచ్చికలోకి పరిగెత్తబోతే యూనిఫాంలో ఉన్న ఒక కుర్రాడు మోకాలి మీద కూర్చుని, వాడి ఎత్తుకు దిగి, ఎందుకు తొక్కకూడదో చెప్పాడు. వాడు తర్వాత రెండు రోజులు ఎవర్నీ ఏ గడ్డీ తొక్కనివ్వలేదు.

పిల్లలకు ఇంకా నచ్చింది స్టేడియం ఉత్తరం వైపున్న కుక్కల సమాధులు. ఇక్కడి మస్కట్ రెవెలీ అనే కోలీ కుక్క. విద్యార్థుల సైనిక దళంలో అందరికన్నా పెద్ద హోదా దానిదే. చనిపోయిన రెవెలీలను అక్కడ పాతిపెట్టి, వాటికి కనిపించేలా ఒక చిన్న స్కోర్‌బోర్డు పెట్టారు. మేం చదువుకున్నన్నాళ్ళూ ఆ పక్కనుంచే నడిచాం, ఒక్కరమూ చూడలేదు.

క్యాంపస్ ఉత్తరపు అంచున బాన్‌ఫైర్ మెమోరియల్ ఉంది. ఆట హడావుడిలో ఎక్కువమంది వెళ్ళరు. ఆస్టిన్‌లోని ప్రత్యర్థి టెక్సస్ యూనివర్సిటీతో ఆటకు ముందు దుంగలు పేర్చి పెద్ద మంట వేయడం అప్పట్లో ఆచారం. 1999 నవంబర్ 18 తెల్లవారుజామున ఆ దుంగల పేర్పు కూలి 12 మంది చనిపోయారు. గుండ్రంగా 12 ద్వారాలు కట్టారు. ఒక్కో ద్వారం ఒక్కొక్కరి సొంత ఊరి దిక్కుకు తిరిగి ఉంటుంది. అరగంట చాలు, కానీ వదలొద్దు. మాజీ అధ్యక్షుడు సీనియర్ బుష్ పేరిట ఉన్న లైబ్రరీకి మాత్రం ఆట రోజు పెట్టుకోకండి. అది సగం పూట తీరిగ్గా చూడాల్సింది, ఆదివారానికి ఉంచుకోండి.

ఇక టెయిల్‌గేట్. ఆటకు ముందు స్టేడియం చుట్టుపక్కల పచ్చికల్లో, పార్కింగుల్లో టెంట్లు వేసుకుని వండుకుతినడమే టెయిల్‌గేట్. టెంటు, కుర్చీలు, టీవీ అన్నీ కలిపి అద్దెకిచ్చే కంపెనీలున్నాయి. మేం అందరం పంచుకుని ఒకటి తీసుకున్నాం. హ్యూస్టన్ వాళ్ళు బిర్యానీ ట్రేలు తెచ్చారు, ఇంట్లో పులిహోర కలిపాం, బొగ్గుల పొయ్యి మీద మసాలా పట్టించిన చికెన్ కాల్చాం. పక్క టెంటు ఒక డెబ్బై ఏళ్ళ పెద్దాయనది. పొద్దున నాలుగింటి నుంచీ బీఫ్ బ్రిస్కెట్ పొగబెట్టే స్మోకర్ దగ్గరే ఉన్నాడట. చేతికి అరిగిపోయిన యాగీ ఉంగరం (ఇక్కడ చదివినవాళ్ళను యాగీలంటారు). ఆయన బ్యాచ్‌వాళ్ళు ఏటా ఒక ఆటకు ఇదే చోట కలుస్తారట. మా పులిహోర రెండుసార్లు అడిగి తీసుకుని, వేరుశెనగలు ఏరుకుని ముందు తిన్నాడు. మావాడొకడు మా టెంటు మధ్యలో నిలబడి, "ఒరేయ్, ఫ్రీ పిజ్జా కోసం సంబంధం లేని సెమినార్లకి పోయింది మనమేనా?" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు ఎవరూ ఫోను చూడలేదు. ఆ వారాంతం మొత్తంలో అసలు మాటలన్నీ జరిగింది ఇక్కడే. ఒకడి విడాకులు, ఒకడి లేఆఫ్, ఇండియా వెళ్ళిపోదామా అన్న పాత చర్చ, నాన్నగారి మోకాలి ఆపరేషన్.

ఆట గురించి ఉన్న మాట చెప్పేస్తాను. లోపలికి ఒక్కసారి తప్పకుండా వెళ్ళండి, ప్రతిసారీ అక్కర్లేదు. 1922 జనవరి 2న డల్లాస్‌లో జరిగిన ఆటలో ఈ యూనివర్సిటీ ఆటగాళ్ళు గాయాలతో తగ్గిపోతుంటే ఇ. కింగ్ గిల్ అనే కుర్రాడు స్టాండ్స్‌లోంచి దిగి, యూనిఫాం వేసుకుని అవసరమైతే ఆడదామని పక్కన నిలబడ్డాడు. అతన్ని దింపాల్సిన పని పడలేదు, జట్టు 22-14తో గెలిచింది. ఆ గుర్తుగానే విద్యార్థులు ఇప్పటికీ ఆట అయ్యేదాకా నిలబడే ఉంటారు. కాబట్టి వాళ్ళ దగ్గర టికెట్టు కొంటే మీరూ నిలబడాలి. విద్యార్థులుండేది తూర్పు వైపు. మధ్యాహ్నం ఆటకు ఎండ నేరుగా ముఖం మీద కొడుతుంది. పడమటి వైపు రేటు ఎక్కువే కానీ నీడ ఉంటుంది. అందరూ భుజాల మీద చేతులేసుకుని ఊగేటప్పుడు పై అంతస్తు కూడా కదులుతుంది. భయపడేవాళ్ళు కింద తీసుకోండి. బ్యాగు పారదర్శకంగా ఉండాలి, లేకపోతే గేటు దగ్గరే వెనక్కి పంపిస్తారు. డైపర్ బ్యాగుతో వచ్చిన మావాళ్ళకు కారు దాకా మళ్ళీ నడక తప్పలేదు.

మాలో సగం మందిమి లోపలికి వెళ్ళాం, సగం మంది టెంట్లో టీవీ ముందు ఉండిపోయారు. విరామంలో బ్యాండు కవాతు చూసి నాకు ఒళ్ళు పులకరించింది. నాలుగో క్వార్టర్ వచ్చేసరికి మాత్రం టెంట్లో ఎవరేం మాట్లాడుకుంటున్నారో అని మనసు అటే లాగింది. ఆట వదిలాక కారు తీయకండి. గంటన్నర అడుగు కదలదు. క్యాంపస్ పక్కనే బార్లుండే నార్త్‌గేట్‌లో 1974 నుంచి ఉన్న డిక్సీ చికెన్ అనే బార్ వైపు నడిచినవాళ్ళు అక్కడ చెక్క బల్లల మీద చెక్కిన పేర్లలో తెలుగు పేర్ల కోసం వెతికారు. పిల్లలున్నవాళ్ళం టెంట్లోనే మిగిలిన బిర్యానీ వేడి చేసుకున్నాం.

వెళ్ళే ఆలోచన ఉంటే ఒకటి రెండు మాటలు. టెక్సస్ యూనివర్సిటీతో ఆట జోలికి పోవద్దు. 2011 తర్వాత ఆగిపోయిన ఆ పోటీ 2024లో మళ్ళీ మొదలైంది. రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. సెప్టెంబర్లో చిన్న జట్లతో ఆటలకు అన్నీ చవకే కానీ ఎండ విజయవాడ ఏప్రిల్‌లా ఉంటుంది. అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో వచ్చే ఆట చూసుకోండి. ఆట మొదలయ్యే వేళ టీవీ వాళ్ళ చేతిలో ఉంటుంది కనుక ఆదివారం ఫ్లైటు మధ్యాహ్నం తర్వాతే పెట్టుకోండి. ఇల్లు ముందు, టెంటు తర్వాత, టికెట్లు చివర్న. మేం వచ్చే సీజన్‌కి అదే వరసలో మొదలుపెట్టాం. ఇల్లు వెతికే పని ఆ బాత్రూం వదినగారికి అప్పజెప్పాం, ఆవిడ అందరినీ ముందు అడుగుతున్నది గీజరు సైజు.