రాయగడ స్టేషన్ రోడ్డు చోడంబలి బండి: ఆకలి ఆపేది గ్లాసా, దొన్నెలోని ఘుగునియా?

ఒడిశాలోని రాయగడ స్టేషన్ రోడ్డులో పొద్దున్న ఆరింటికే మొదలయ్యే ఈ బండికి బోర్డు లేదు. చోడంబలి (రాగి అంబలి) గ్లాసు 15 రూపాయలు, ఘుగునితో (ఎండు బఠానీల కూర) రెండు బరాలు (గారెల్లాంటివి) 30, ఉడికిన గుడ్డు 10. జేకేపూర్ పేపరు మిల్లు షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు, గుణుపురం బస్సు పట్టుకునేవాళ్ళు, మజ్జిగౌరమ్మ దర్శనానికి విజయనగరం వైపు నుంచి వచ్చి రైలు దిగినవాళ్ళు అంబలి కోసమే ఇక్కడ ఆగుతారు. "ఒక్క గ్లాసు పడితే మధ్యాహ్నం దాకా ఆకలి ఊసే ఉండదు" అని బండి చుట్టూ రోజూ వినిపించే మాట. అంబలి బాగుంటుంది. ఆ మాట మాత్రం నిజం కాదు. ఇక్కడ ఆకలికి అడ్డం పడేది ఘుగుని.

ముందు అంబలి సంగతి. చోడిపిండిని రాత్రే నీళ్ళలో కలిపి పులవబెడతారు. తెల్లారగట్ల నూకలు ఉడుకుతుండగా పోసి కలియబెట్టి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేస్తారు. పులుపు అతిగా లేదు, పిండి ఉండకట్టలేదు. ఏడింటిలోపు వెళ్తే గరిటె పైకెత్తినప్పుడు తెగని ధారగా జారుతుంది. తొమ్మిది దాటాక నీళ్ళు పోసి పెంచుతారు, అప్పుడు అదే గరిటె నుంచి పల్చటి మజ్జిగలా కారిపోతుంది. ఈ తేడా రుచితో ఆగదు. పల్చటిది కడుపులో నిలవకుండా పేగులోకి దిగిపోతుంది, చిక్కటిది నెమ్మదిగా కదులుతుంది. పైగా గ్లాసుకి పడే పిండి సుమారు 30 గ్రాములే. 100 గ్రాముల చోళ్ళలో మాంసకృత్తులు 7 గ్రాములు, అంటే ఆ పిండి నుంచి గ్లాసుకి రెండు గ్రాములకు కాస్త పైన.

ఆకలి పుట్టించే హార్మోను గ్రెలిన్. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా బృందం దీన్ని కనిపెట్టింది. ఎక్కువగా కడుపు పైభాగంలో తయారవుతుంది, రోజూ తినే వేళకి ముందే పెరుగుతుంది. కడుపు నిండినంత మాత్రాన తగ్గదు, నీళ్ళు తాగి ఉబ్బించినా దిగదు. తిన్నది చిన్నపేగుకి చేరాలి. పిండిపదార్థం దాన్ని త్వరగా దించుతుంది గానీ అంతే త్వరగా లేవనిస్తుంది. మాంసకృత్తులు ఎక్కువసేపు అణచి ఉంచుతాయి. ఒట్టి అంబలి తాగినవాళ్ళకి కాసేపటికే కడుపులో ఎలుకలు పరిగెత్తేది అందుకే.

ఘుగునిలో ఉండేవి ఎండు బఠానీలు. 100 గ్రాములకు మాంసకృత్తులు 20 గ్రాముల పైమాటే. దొన్నెలోకి ఎండు లెక్కన 40 గ్రాములు వచ్చినా 8 గ్రాములు, పక్కన గుడ్డు పెట్టుకుంటే ఇంకో 6. మాంసకృత్తులు, కొవ్వు చిన్నపేగు మొదట్లో తగలగానే సీసీకే అనే హార్మోను విడుదలవుతుంది. అది కడుపు ఖాళీ అయ్యే వేగం తగ్గించి, వేగస్ నాడి ద్వారా మెదడుకి 'చాలు' అని కబురు పంపుతుంది. పేగు కిందిభాగం నుంచి జీఎల్‌పీ-1, పీవైవై అనే మరో రెండు ఆకలి తగ్గించే హార్మోన్లు వస్తాయి. పీవైవై కొన్ని గంటల పాటు హెచ్చుగానే ఉంటుంది. బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు ఈ జీఎల్‌పీ-1 పనినే చేస్తాయి. ఒంట్లో పుట్టే జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లోనే సగం దాకా విరిగిపోతుంది, అందుకే మందును రోజుల తరబడి నిలిచేలా తయారుచేశారు.

దొన్నె అందుకోగానే ఒక బఠానీని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడండి. తోలు చిట్లి, లోపలిది మెత్తగా రావాలి. గట్టిగా ఉంటే ఎనిమిది గంటలు నానలేదనో, సరుకు పాతదనో అర్థం, కడుపుబ్బరం ఖాయం. త్వరగా ఉడకాలని వంటసోడా ఎక్కువేసిన రోజు పప్పులా విచ్చిపోతుంది, నాలుకకి సబ్బు రుచి తగులుతుంది. గింజ గింజగా నిలిచిన బఠానీయే నిదానంగా అరుగుతుంది, ఈ బండిలో చాలా రోజులు అలాగే ఉంటుంది.

తినే వరుస ముఖ్యం. గుడ్డు, ఘుగుని ముందు, తర్వాత బరా, చివర అంబలి. అన్నానికి ముందు చేపో మాంసమో తిన్నవాళ్ళలో జీఎల్‌పీ-1 పెరిగి, కడుపు నిదానంగా ఖాళీ అయినట్టు పరిశోధనల్లో తేలింది. తొందర కూడా చెరుపే. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒకే కొలత ఐస్‌క్రీమ్‌ను 5 నిమిషాల్లో కాకుండా 30 నిమిషాల్లో తిన్నప్పుడు పీవైవై, జీఎల్‌పీ-1 రెండూ ఎక్కువ వచ్చాయి. ఈ బండి మీద అసలు ఫిర్యాదు అక్కడే: ఉన్నది ఒక్క బెంచీ, నిలబడి ఐదు నిమిషాల్లో మింగి పోవాల్సిందే. ఇంకో రెండు బెంచీలు వేస్తే తినేవాళ్ళకి ఎంతో మేలు.

నైట్ షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు నాలుగేసి బరాలు చెప్పడం తిండిపోతుతనం కాదు. రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకున్న యువకుల్లో గ్రెలిన్ 28 శాతం పెరిగినట్టు 2004లోనే చూశారు. వాళ్ళు రెండు బరాల దగ్గర ఆగి, ఘుగుని రెండో దొన్నె అడగడం మంచిది. వారపు ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్ళకి కడుపు ముందే నిదానంగా నడుస్తుంటుంది, నూనె బరాలు వికారం తెస్తాయి, సగం దొన్నె చాలు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు మాత్రం ఆకలి లేదని పిండిపదార్థం మానేయకూడదు, షుగర్ పడిపోతుంది.

ఆదివారం ఘుగుని ఉండదు. ఆ రోజు గుడ్లు రెండు తీసుకుని, బరా ఒకటికి తగ్గించి, అంబలి ఏడింటిలోపే పోయించుకోండి.