తణుకు మార్కెట్ దగ్గర చికెన్ షాపు: 5కి 4 స్టార్లు

మాంసం తాజాగా ఉంటుంది, తూకంలో తేడా రాదు, ఆదివారం మాత్రం చాలాసేపు నిలబడాలి. కానీ నేను రాయాలనుకున్నది అక్కడ కోసే కుర్రాళ్ల గురించి.

2025 ఫిబ్రవరిలో మన పక్కనే వేల్పూరు, కానూరు కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 ఉందని భోపాల్ ల్యాబ్ తేల్చాక, చుట్టుపక్కల షాపులు మూయించారు. మళ్లీ తెరిచాక ఎవరిని కదిపినా చికెన్ తినొచ్చా అనే అడిగారు. బాగా ఉడికిస్తే భేషుగ్గా తినొచ్చు. 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ చచ్చిపోతుంది, మన కూర అంతకంటే ఎక్కువే మరుగుతుంది. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. నాకు టెన్షనల్లా పచ్చి కోడిని పట్టుకునే చేతుల గురించే.

ఈ వైరస్ ఇప్పటికైతే మనిషి నుంచి మనిషికి సులువుగా పాకడం లేదు. అయితే మనిషి ఒంట్లోకి వెళ్లిన ప్రతిసారీ అది మారడానికి ఒక అవకాశం దొరికినట్టే. అదే సమయంలో ఆ మనిషికి మామూలు ఫ్లూ కూడా ఉంటే రెండు వైరస్‌ల జన్యువులూ కలిసిపోయి కొత్త రకం పుట్టొచ్చు. 1997లో హాంకాంగ్‌లో ఈ హెచ్5ఎన్1 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. బతికున్న కోళ్లను అమ్మే మార్కెట్ల నుంచే అది జనానికి అంటుకుంది.

అందుకే ఈ షాపు నాకు నచ్చింది. కుర్రాళ్లు గ్లవ్స్, మాస్కు, ప్లాస్టిక్ ఏప్రాన్ లేకుండా కత్తి పట్టరు. ఈకలు తీసే మెషిన్ వెనక గదిలో ఉంటుంది, తుంపర మన మీదకు రాదు. మధ్యాహ్నం మొద్దును వేడినీళ్లతో గీకి కడిగి, నేలంతా బ్లీచింగ్ చల్లుతారు. ఒకరోజు ఒక కుర్రాడు దగ్గుతూ వస్తే ఓనరుగారు లోపలికి రానివ్వలేదు. "జ్వరం తగ్గేదాకా ఇంట్లో ఉండరా, కూలి నేనిస్తాలే" అన్నారు. మన ఊళ్లో ఆ మాట అనే యజమానులు ఎంతమంది ఉన్నారు?

ఒక స్టార్ తగ్గించింది బాతుల వల్ల. నాటు కోళ్ల బోను మీదే బాతుల బోను పెడతారు, రెట్ట కింది కోళ్ల మీదే పడుతుంది. బాతులు పైకి ఏ జబ్బూ కనిపించకుండానే వైరస్‌ను మోయగలవు. ఈ సంగతి చెబితే ఓనరుగారు శ్రద్ధగా విన్నారు, "వేరే చోటు చూస్తానమ్మా" అన్నారు. మొన్న వెళ్లినప్పుడు కూడా బోనులు అక్కడే ఉన్నాయి. బాతులను వెనక్కి మార్చి, కుర్రాళ్లకు ఏటా మామూలు ఫ్లూ టీకా కూడా వేయించమని ఆయన్ని ఇక్కడ మళ్లీ అడుగుతున్నాను.