స్నేర్ డ్రమ్ముకు ట్రిపుల్ ఫ్లాంజ్ హూప్ మేలా, డై-కాస్ట్ హూప్ మేలా?

14 అంగుళాల స్నేర్ డ్రమ్ము (అడుగున తీగలుండే డ్రమ్ము) నాదాన్ని హూప్, అంటే వాయించే పొరను (హెడ్‌ను) అంచు చుట్టూ బిగించి పట్టే లోహపు వలయం, గణనీయంగా మారుస్తుంది. సాధారణంగా 1.6 లేదా 2.3 మిల్లీమీటర్ల ఉక్కు రేకును మూడు చోట్ల వంచి చేసే ట్రిపుల్ ఫ్లాంజ్ హూప్ కొద్దిగా వంగుతుంది కనుక, హూప్‌ను బిగించే మరల్లో (రాడ్లలో) ఒకదాన్ని పావు చుట్టు తిప్పితే ఆ మార్పు చాలావరకు అక్కడికే పరిమితమై, ఒక్కో చోట శ్రుతిని సరిచేసుకునే వీలు కలుగుతుంది. నాదం కూడా విప్పారి ఎక్కువసేపు నిలుస్తుంది.

జింకు మిశ్రమాన్ని అచ్చులో పోసి చేసే డై-కాస్ట్ హూప్ బిరుసైనది. ఒక రాడ్డును బిగించగానే పక్క రాడ్ల దగ్గర కూడా హెడ్ బిగుస్తుంది కాబట్టి బిగుతు సమంగా పరుచుకుని, ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటు మోగే అదనపు స్వరాలు) తగ్గి, దెబ్బ పొడిగా, సూటిగా వినిపిస్తుంది. రిమ్‌షాట్ (హెడ్‌నూ హూప్‌నూ ఒకేసారి కొట్టే దెబ్బ) మరింత దృఢంగా పలుకుతుంది. అయితే షెల్ (డ్రమ్ము గుండ్రటి ఒళ్లు) సరిగ్గా గుండ్రంగా లేకపోతే ఈ హూప్ దానికి తగ్గట్టు సర్దుకోదు. మృదువుగా వాయించేవారికి ట్రిపుల్ ఫ్లాంజ్ హూపే తగినదని నా అభిప్రాయం.