పెయిన్ క్లినిక్ సేవలపై ఒక రోగి సమీక్ష

నడుము నుంచి ఎడమ కాలిలోకి దిగే నొప్పితో ఏళ్ల తరబడి బాధపడి, ఎముకల వైద్యులకూ నరాల వైద్యులకూ చూపించుకున్న తర్వాత, వారి సిఫారసు మీద దీర్ఘకాలిక నొప్పికి ప్రత్యేకించిన ఒక పెయిన్ క్లినిక్‌లో చికిత్స తీసుకుంటున్నాను. వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. మొదటి సంప్రదింపు, ఫిజియోథెరపీ చాలా బాగున్నాయి, ఇంజెక్షన్ కొంత మేరకు పనికొచ్చింది, అపాయింట్‌మెంట్ల నిర్వహణ మాత్రం రోగుల ఓపికను పరీక్షించేలా ఉంది.

మూడు నెలలకు మించి ఉండిపోయే నొప్పిని, లేదా అంతకాలంగా తగ్గుతూ తిరగబెడుతూ ఉండే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో దీనికి విడిగా స్థానం ఉంది. రోగికి ఇది చిన్న విషయం కాదు. స్కానింగ్‌లో ఏమీ లేదు కాబట్టి నొప్పి కూడా లేనట్టే అన్న మాట విని విని విసిగినవారికి, నొప్పినే ఒక జబ్బుగా చూసి వైద్యం చేసే చోటికి రావడమే పెద్ద ఊరట.

డాక్టరు గారిని కలవడానికి ముందే చాలా పేజీల ప్రశ్నావళి ఇస్తారు. మనిషి ఆకారాన్ని ముందు నుంచీ వెనుక నుంచీ గీసిన బొమ్మ మీద నొప్పి ఉన్న చోటును పెన్నుతో నింపాలి. ఇప్పుడు ఎంత ఉంది, ఎక్కువైనప్పుడు ఎంత, తక్కువైనప్పుడు ఎంత అని సున్నా నుంచి 10 వరకు అంకెలు వేయాలి. ఆ తర్వాత నిద్ర, దిగులు, ఉద్యోగం, ఇంటి పనుల గురించి అడుగుతారు. దిగులు సంగతి అడిగితే, నొప్పి అంతా మనసులోనే ఉందని తేల్చేస్తారేమోనని చాలామంది నొచ్చుకుంటారు. నిజానికి నిద్రలేమి, ఆందోళన నొప్పిని పెంచుతాయి, నొప్పి తిరిగి వాటిని పెంచుతుంది. ఆ చక్రాన్ని ఎక్కడ తెంచాలో తెలుసుకోవడానికే అడుగుతారు కాబట్టి దాచుకోకుండా రాయడం మంచిది. ఇంతవరకు వాడిన మందుల పేర్లు, మోతాదులు, అవి ఎందుకు ఆపారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే సంప్రదింపులో ఎంతో సమయం కలిసివస్తుంది.

పరీక్ష విధానం నాకు బాగా నచ్చింది. డాక్టరు గారు దూదిని సన్నగా మెలిపెట్టి ముందు కుడి పిక్క మీద, తర్వాత ఎడమ పిక్క మీద తేలిగ్గా రాశారు. కుడివైపు మామూలుగానే ఉంది కానీ ఎడమవైపు అదే దూది తగిలితే చర్మం మండింది. సూది మొనతో తాకి చూసినప్పుడూ రెండు కాళ్లకూ తేడా కనిపించింది. తాకితే నొప్పి పుట్టకూడని వస్తువు తాకినా నొప్పి పుడుతోందంటే నరాల నొప్పిని అనుమానించాలనీ, అటువంటి నొప్పికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవనీ ఆయన వివరించారు. నా ఎమ్మారై రిపోర్టులో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు అరిగాయని రాసి ఉండడం గురించి అడిగాను. ఏ నొప్పీ లేనివారి స్కానింగులను పరిశీలించి 2015లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, 20 ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపించిందట. రిపోర్టులోని ఆ ఒక్క మాట చూసి వంగడానికే భయపడేవారందరికీ ఈ సంగతి తెలియాలి.

మందుల చీటీలో డిప్రెషన్‌కో మూర్ఛకో వాడే మందు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. వాటిలో కొన్ని నరాల నొప్పికీ పనిచేస్తాయి. అయితే మగత, నోరెండిపోవడం వంటి ఇబ్బందులు ఉంటాయి, గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, ఒక్కసారిగా ఆపకూడదు. మార్ఫిన్, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ నొప్పి మందులు చాలాకాలంగా వాడుతున్నవారికి మోతాదు మెల్లగా తగ్గించుకోమని చెప్పే అవకాశం ఉంది, ఎందుకంటే అవి కొందరిలో నొప్పి తీవ్రతను పెంచుతాయి కూడా.

ఎక్స్‌రే తెరపై చూస్తూ వెన్ను దగ్గర నరం మొదలయ్యే చోట ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల నా కాలి నొప్పి కొన్ని వారాలు బాగా తగ్గి, ఆ తర్వాత కొంత తిరిగి వచ్చింది. ఇలా జరగవచ్చని వారు ముందే చెప్పారు, నొప్పి తగ్గిన ఆ వ్యవధిలోనే వ్యాయామం మొదలుపెట్టాలని కూడా గట్టిగా చెప్పారు. రక్తం పలచబడే మందులు వాడేవారు ముందుగా తెలియజేయాలి. మధుమేహం ఉన్నవారికి స్టెరాయిడ్ వల్ల కొన్ని రోజులు షుగరు పెరగవచ్చు.

నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఫిజియోథెరపిస్టు గారు నేర్పిన పద్ధతి. నొప్పి తక్కువగా ఉన్న రోజున మిగిలిపోయిన పనులన్నీ ఒక్కసారే చేసి, ఆ మర్నాటి నుంచి మంచం పట్టడం మనలో చాలామందికి అలవాటు. దానికి బదులు, నొప్పి పెరగకుండా ఎంతసేపు నిలబడగలమో గడియారం పెట్టి చూసుకుని, అంతకంటే కాస్త తక్కువ సమయాన్ని హద్దుగా పెట్టుకుని, మంచి రోజైనా చెడ్డ రోజైనా అంతే చేసి, వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. ఓపిగ్గా ఉన్న రోజున గడియారం చూసి ఆగిపోవడమే ఇందులో అన్నిటికంటే కష్టమైన భాగం. అక్కడి సైకాలజిస్టు గారు కూడా, నొప్పి పెరిగినప్పుడు మనసులో మొదలయ్యే భయాన్ని ఎలా గుర్తించాలో శ్రద్ధగా నేర్పించారు.

లోపాల విషయానికి వస్తే, డాక్టరు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు ముగ్గురూ ఒకే రోజున దొరకరు. కూర్చోవడమే కష్టమైనవారిని గంటల తరబడి గట్టి కుర్చీల్లో కూర్చోబెట్టడం అన్యాయం. ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులు నొప్పి పెరగవచ్చని కాగితంలో రాసిచ్చినా, నిజంగా పెరిగినప్పుడు అందులోని నంబరుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంత మంచి వైద్యం అందించే చోట ఈ నిర్లక్ష్యం ఉండకూడదు.

నొప్పి పూర్తిగా పోతుందన్న హామీ అక్కడ ఎవరూ ఇవ్వరు. దాదాపు మూడో వంతు తగ్గినా మంచి ఫలితంగానే లెక్కిస్తారు, దానితోపాటు నడక, నిద్ర, పని ఎంత మెరుగుపడ్డాయో చూస్తారు. ఈ లెక్కకు సిద్ధపడి వెళ్లేవారికి ఈ సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అయితే నడుము నొప్పితోపాటు మూత్రం రాకుండా ఆగిపోయినా, అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలి బలం హఠాత్తుగా తగ్గినా పెయిన్ క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.