పాపిడికి పౌడర్, మొహానికి స్టిక్: కొత్త సన్‌స్క్రీన్లు వాడి చూశా
బెజవాడ ఎండలో స్కూటీ మీద తిరిగేవాళ్ళం మొహానికైతే క్రీమ్ రాస్తాం గానీ పాపిడి సంగతి ఎవరం పట్టించుకోం, అక్కడా చర్మమే కదా, కమిలిపోయి పొట్టు లేస్తుంది. అందుకే బ్రష్‌తో వచ్చే, ఎండని అడ్డుకునే జింక్ ఆక్సైడ్ పౌడర్ సన్‌స్క్రీన్ తెప్పించా. జుట్టు జిడ్డవ్వదు, అది సూపర్, కానీ నల్ల జుట్టు మీద చుండ్రు రాలినట్టు తెల్లగా కనిపిస్తుంది, వేలితో పాపిడి వెంట అద్దితే కాస్త నయం. పైగా ఎంత పడిందో తెలీదు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకుని మిట్టమధ్యాహ్నం బయల్దేరకండి, చున్నీయో టోపీయో ఉండాల్సిందే.

స్టిక్ మాత్రం తెగ నచ్చేసింది. చేతికి అంటదు, బ్యాగులో కారదు, రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోడానికి ఇంతకన్నా సులువు లేదు. ఒక్క గీత గీస్తే చాలదండోయ్, ఒక్కోచోట మూడు నాలుగు సార్లు రుద్దాలి. ఎస్పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె) 30 ఉన్నది సరిగ్గా రాస్తే చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలని 97 శాతం దాకా ఆపుతుంది, 50 అయితే 98, ఆ ఒక్క శాతానికి డబుల్ రేటు పెట్టేబదులు ప్యాక్ మీద పీఏ అనే అక్షరాల పక్కన ప్లస్‌లు ఎన్నున్నాయో చూడండి, చర్మం లోతుకి దిగే యూవీఏ కిరణాలని ఎంత ఆపుతుందో అక్కడే తెలుస్తుంది.

ఎస్పీఎఫ్ లిప్ బామ్ ఓకే, టీ తాగితే మళ్ళీ రాయాలి. జుట్టుకి కొట్టే యూవీ స్ప్రే అయితే సెంటు వాసన తప్ప నాకేం తేడా కనపళ్ళేదు, డబ్బులు దండగ.